సూడు ఎల్లయ్య

తెలుగు పండితుడిగా ముప్పై అయిదేళ్ళు పనిచేసినవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఎవరేం చెప్పినా ముందు అందులో తప్పు వెతుకుతాడు. నాకా జబ్బు ముదిరిపోయింది. పెళ్ళిపత్రిక చేతికిస్తే నేను ముహూర్తం చూడను, అచ్చుతప్పులు చూస్తాను. కోదాడ బస్టాండు ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటరు బోర్డు మీద ‘ఇడ్లి’ అని దీర్ఘం లేకుండా రాశారని ఏడాదిపాటు ఆ ఓనరుతో పేచీ పెట్టుకుని, చివరికి నేనే రంగు డబ్బా కొనిచ్చి దీర్ఘం పెట్టించాను. అప్పట్నుంచీ ఆయన నా ప్లేటులో చట్నీ తక్కువ వేస్తున్నాడు.

ఇలాంటివాణ్ణి సూర్యాపేటలో ఒక ఆడపిల్లల బడిలో అటెండరుగా పనిచేసే ఈశ్వరమ్మ గురించి రాయడానికి కూర్చున్నానంటే, దానికి కారణం రెండక్షరాల మాట ఒకటి. ఆ మాట దగ్గరికి వచ్చేలోపు ఆమెను పరిచయం చెయ్యాలి, దానికంటే ముందు నా నెత్తిన పడ్డ పది కంప్యూటర్ల సంగతి చెప్పాలి.

పోయిన జూన్‌లో మా హెడ్‌మాస్టరు బదిలీ మీద వెళ్ళిపోతే, సీనియర్ని కదా అని ఆ కుర్చీని నా కిందికి తోశారు. ఫిబ్రవరిలో నా రిటైర్మెంటు. వెళ్ళేలోపు ఈ బడికి నేను చేసిన పని ఒక్కటైనా కంటికి కనబడాలని నాకు ఆశ పుట్టింది. అదే సమయానికి వాడపల్లి వైపు ఒక సిమెంటు కంపెనీ వాళ్ళు పాత కంప్యూటర్లు పది ఇస్తామన్నారు. కంపెనీ తరఫున దేవసహాయం గారని ఒక పెద్దాయన వచ్చి, వాటిని దించి, ఒక షరతు కూడా దించి వెళ్ళాడు.

“మాస్టారూ, నెల రోజులు టైమిస్తున్నా. వచ్చే నెల రెండో శుక్రవారం పదకొండు గంటలకు వస్తా. మీ పిల్లలు నా ముందు తెలుగులో ఒక పేజీ కొట్టి, ప్రింటు తీసి చూపించాలి. చూపించారా, ఇవి మీవే. లేకపోతే ఏమీ అనుకోవద్దు, పెద్దవూర బడి వాళ్ళు అడుగుతున్నారు, అక్కడికి పంపించేస్తా.”

ఆయన మాటలో తప్పేం దొరకలేదు. ఇచ్చిన చోటల్లా కంప్యూటర్లు బీరువా ఎక్కి కూర్చోవడం ఆయన చాలా చూశాడట. మా తొమ్మిదో తరగతి పిల్లలు పాత సైన్సు గదిని కడిగి, ముగ్గేసి, వాళ్ళమ్మల పాత చీరలు తెచ్చి ఒక్కో కంప్యూటరుకు ఒక్కో గలీబు కుట్టారు. కుట్టాక తెలిసింది, వాటిలో టైపు చేసుకునే ప్రోగ్రామే లేదని.

ఆ కంప్యూటర్లు అందరికీ తెలిసిన విండోస్‌వి కావు, లినక్స్ అనే ఇంకో రకానివి. ఊళ్ళో కంప్యూటరు షాపువాళ్ళని పిలిస్తే “విండోస్ వేసేద్దాం సార్” అన్నారు, తర్వాత మూత విప్పి చూసి “ఈ ముసలివాటికి అది మొయ్యలేని బరువు సార్” అని మళ్ళీ మూత బిగించి వెళ్ళిపోయారు. బడిలో ఇంటర్నెట్టు లేదు. సూర్యాపేట నుంచి రోజూ వచ్చే మా లెక్కల టీచరు నాగరాణి అప్పుడు చెప్పింది, వాళ్ళ వీధి చివర బడిలో ఈశ్వరమ్మ అని ఒకామె ఉంది, లినక్స్ ఆమె మాట వింటుందని.

“ఏం చేస్తుందమ్మా ఆవిడ?”

“అటెండరండీ. గదులు ఊడుస్తుంది.”

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ గడువు అంతకంటే దగ్గర్లో ఉంది. పిలిపించాను.

గడువు శుక్రవారమనగా ఆ మంగళవారం వచ్చింది. నలభై ఆరేళ్ళు ఉంటాయి. ముదురాకుపచ్చ నూలుచీర, బొడ్లో తాళంచెవుల గుత్తి, ఆ గుత్తికి వేలాడుతూ ఒక పెన్‌డ్రైవ్. నమస్కారం పెట్టి, నా ముఖంలోకి ఒక నిమిషం తేరిపారచూసి, ఏదో అడగబోయి మానేసింది. తర్వాత పది కంప్యూటర్లకీ గలీబులు తీసి, అన్నీ ఆన్ చేసి, ఒక్కోదాని వెనక చెయ్యి పెట్టి వేడి చూసింది.

“అన్ని మంచిగనే ఉన్నయి సారూ. గీ నాలుగో దానికి జర ఆయాసం ఉన్నది. దాన్ని కిటికీ పక్కన పెట్టున్రి.”

ఆవిడకు కంప్యూటరు ఎలా వచ్చిందంటే చీపురుతోనే వచ్చింది. సూర్యాపేట బడిలో కంప్యూటరు గది ఊడ్చి తాళం వెయ్యడం ఆమె డ్యూటీ. మిర్యాలగూడ నుంచి ఊర్మిళ అనే ఇన్‌స్ట్రక్టరు కాంట్రాక్టు మీద వచ్చి అక్కడ పాఠాలు చెప్పేది. ఈశ్వరమ్మ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తూ వినేది. ఒకే గదిని గంటసేపు ఊడ్చే మనిషిని చూసి ఊర్మిళకు అనుమానం వచ్చి, ఒకరోజు చీపురు లాక్కుని కుర్చీలో కూర్చోబెట్టిందట. నాలుగేళ్ళు నేర్పింది. తర్వాత ఊర్మిళ కాంట్రాక్టు అయిపోయి మిర్యాలగూడ వెళ్ళిపోయింది. బడిలో కంప్యూటర్లు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. అవి ఎవరి వల్ల నడుస్తున్నాయో ఏడాది వరకూ అక్కడ ఎవరికీ అనుమానం కూడా రాలేదు. అంతా దేవుడి దయ అనుకున్నారు.

ఆమె చదివింది ఆరో తరగతి సగం. ఇంగ్లీషు అక్షరాలు కీబోర్డు మీదే నేర్చుకుంది. అందుకని ఆమెకు ఇప్పటికీ ‘ఏ’ తర్వాత ‘ఎస్’ వస్తుంది, ‘బి’ ఎక్కడో కింద వరసలో ఉంటుంది. కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞలన్నీ క్యాలెండరు కాగితం అట్టేసిన నోట్‌బుక్కులో తెలుగులో, తనకు వినబడినట్టు రాసుకుంది. ఆ నోట్‌బుక్కు తెరిచి చూసి నాకు కళ్ళు తిరిగాయి. అందులో ఆజ్ఞలు లేవు, మనుషులున్నారు. ఎల్లయ్య అని ఒకడు, దీపక్‌జీ అని ఒకడు.

“ఎవరమ్మా వీళ్ళు?”

“ఎల్లయ్య సంచి మారుస్తడు సారూ. దీపక్‌జీ ఇంట్ల దించుతడు. ఇద్దరు మీ డబ్బాలల్ల ముందుగాలనే ఉన్నరు, చూసిన. ఇగ సరుకు రావాలె, గంతే.”

సరుకంటే టైపు చేసుకునే ఆఫీసు ప్రోగ్రాము. అది పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంపిస్తామని కంపెనీ వాళ్ళు అన్నారు. రాగానే ఫోన్ చెయ్యమని ఈశ్వరమ్మ వెళ్ళిపోయింది. అది బుధవారం సాయంత్రానికి వచ్చింది. గురువారం ఆమె మిర్యాలగూడలో ఉంది. ఆమె భర్త పరశురాములు అక్కడి రైస్‌మిల్లులో హమాలీ, ఆ రోజు వాళ్ళ మేనకోడలి ఓణీల ఫంక్షను. శుక్రవారం పదకొండు గంటలకు దేవసహాయం గారు. నేను ఆగగలిగే మనిషిని కాదు. గురువారం మధ్యాహ్నం, తొమ్మిదో తరగతి పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టుకుని, స్పీకరు పెట్టి ఆమెకు ఫోన్ కొట్టాను. అవతల మైకులో పాటలు.

“వచ్చిందమ్మా నీ సరుకు. నలభై ముక్కలున్నాయి. ఒక్కోదాని పేరు చివర ఆర్‌ఎంపీ అని ఉంది.”

“ఆర్‌ఎంపీ గాదు సారూ, ఆయన ఊర్లల్ల సూదులేసే డాక్టరు. ఆర్‌పీఎం అని ఉంటది, సూసుకోన్రి.”

చూసుకున్నాను. ఆర్‌పీఎం అనే ఉంది. పిల్లలు నవ్వారు. నేను చూడగానే ఆపారు.

“అయితే గది మన డబ్బాకు పడదు సారూ. వాళ్ళు ఏరే కంపెనీ లినక్స్‌ది పంపిన్రు. పరేషాన్ గాకున్రి. వడ్లు అవే, సంచి ఏరు. మా మిల్లుల జూడున్రి, ఎంత మంచి వడ్లున్నా వాళ్ళ సంచిల పోస్తెనే దించుకుంటరు. మన డబ్బా గూడ అంతే, పేరు చివర డి, ఈ, బి అని ఉండే డెబ్బు సంచి అయితెనే తీసుకుంటది. ఎల్లయ్య ఆర్‌పీఎం సంచి ఇప్పి డెబ్బు సంచిల పోస్తడు.”

నిజం చెప్పాలంటే అంతవరకు పదిమంది చెప్పినా నాకు ఎక్కని విషయం అప్పుడు ఎక్కింది. కానీ మెచ్చుకోవడం నాకు అలవాటు లేదు.

“సరే, ఏం కొట్టాలో చెప్పు.”

“మొన్న సూపించిన నల్ల తెర తెరిచిన్రా? ముందుగాల ‘సూడు’ అనాలె సారూ. సూడు అనకపోతే ఎల్లయ్య అస్సలు ఇనడు. సూడు, గ్యాప్, ఎల్లయ్య.”

“ఎల్లయ్య అని కొట్టాలా?”

“కాదు కాదు. ఏ, ఎల్, ఐ, ఈ, ఎన్. ఇంగ్లీషుల గట్ల రాస్తరు. గ్యాప్. అడ్డగీత, డి. గ్యాప్. నక్షత్రం, సుక్క, ఆర్‌పీఎం. ఎంటర్ కొట్టున్రి.”

ఇక్కడే పెద్ద పొరపాటు జరిగింది. ఆమె ‘సూడు’ అంది. నేను ‘చూడు’ అని విన్నాను. మా కోదాడలో పుట్టిన వాళ్ళం కొంచెం అటు విజయవాడ వైపు చెవి వేసి పెరిగాం. పైగా ముప్పై అయిదేళ్ళుగా ఎక్కడ ‘సూడు’ కనబడినా ఎర్ర సిరాతో దాన్ని ‘చూడు’ చేసిన చెయ్యి ఇది. ఆ చెయ్యి దానంతట అదే సి, హెచ్, యు, డి, యు కొట్టింది. మిగతాదంతా ఆమె చెప్పినట్టే కొట్టి ఎంటర్ నొక్కాను.

అలాంటి ఆజ్ఞ ఏదీ తన దగ్గర లేదని కంప్యూటరు ఇంగ్లీషులో జవాబిచ్చింది.

“లేదంటోందమ్మా.”

“స్పెల్లింగ్ సూసుకోన్రి సారూ.”

స్పెల్లింగు. నాకు. తొమ్మిదో తరగతి పిల్లల ముందు.

అయినా ఓపిక పట్టాను. బహుశా దీర్ఘం చాల్లేదేమో అనిపించింది. దీర్ఘాల విషయంలో నేను ఎంత పట్టుదల మనిషినో టిఫిన్ సెంటరు ఓనరుకు తెలుసు. ‘ఓ’లు రెండు పెట్టి కొట్టాను. లేదంది. ‘యు’లు రెండు పెట్టాను. లేదంది. ఈ కంప్యూటరుకే చెవుడేమోనని పక్కదాని దగ్గరికి వెళ్ళాను. అలా పది కంప్యూటర్ల ముందూ కూర్చుని పది రకాలుగా ‘చూడు’ అన్నాను. ఒక్కటీ చూడలేదు. చివరికి ఒక పిల్ల, “సార్, ‘చూడండి’ అని గౌరవంగా అడిగితే?” అంది. మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చి అది కూడా కొట్టాను. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని పిల్లల దగ్గర మాట తీసుకున్నాను, ఇప్పుడు నేనే చెబుతున్నాను.

“ఈశ్వరమ్మా, నీ ఎల్లయ్య లేడు, నీ మొహం లేదు. రేపు పదకొండుకి ఆయన వచ్చి పదీ ఎత్తుకుపోతాడు. ఊడ్చుకునేవాళ్ళ మాట పట్టుకుని పిల్లల ముందు పరువు పోగొట్టుకున్నా” అని ఫోన్లో అరిచాను.

అవతల పాట ఒకటి అయిపోయింది. తర్వాత ఆమె నెమ్మదిగా అంది.

“రేపు పొద్దుగాల మొదటి బస్సుకు నేనే వస్త సారూ. అప్పటిదాంక వాటిని తిట్టకున్రి.”

శుక్రవారం ఎనిమిదిన్నరకల్లా హుజూర్‌నగర్ మీదుగా వచ్చే బస్సు దిగి వచ్చేసింది. చేతికి ఓణీల ఫంక్షను గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది. ఆమె ముఖం చూడటానికి నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది. నిన్నటి మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మొదటి కంప్యూటరు ముందు కూర్చుని పైకి బాణం గుర్తు నొక్కింది. నిన్న నేను దానిలో కొట్టినవన్నీ చివరి నుంచి ఒక్కొక్కటీ మళ్ళీ తెర మీదికి వచ్చాయి. ఆ యంత్రం ఏదీ మర్చిపోదని నాకు తెలియదు. ముందుగా చూడండి, తర్వాత రెండు రకాల దీర్ఘాలతో చూడు, ఆ వెనక దీర్ఘం లేని చూడు. ఈశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసి మళ్ళీ నవ్వింది.

“సూడు అంటె గిది సారూ” అని నాలుగు మీటలు నొక్కింది. ఎస్, యు, డి, ఓ.

“ఇది సుడో కదా?”

“అదే గద, సూడు. యజమాని చెప్తున్నడు, ఇను అని దానికి చెప్పుడు.”

“మరి ఎల్లయ్యకు అక్షరం అక్షరం చెప్పావు. దీనికెందుకు చెప్పలేదు?”

“ఎల్లయ్య ఎవలకు తెల్వదు సారూ, చెప్పాలె. సూడు అందరికి ఎర్కే గదా.”

తర్వాత ఆమె సంకేతపదం అడిగింది, చెప్పాను. కొడుతుంటే తెర మీద ఒక్క అక్షరమూ కనబడలేదు. “కనబడకపోయినా లోపటికి పోతుంటది సారూ, దానికి జర సిగ్గు” అని ఎంటర్ కొట్టింది. ఎల్లయ్య లేచాడు. నలభై సంచుల పేర్లు ఒకదాని వెనక ఒకటి నెమ్మదిగా తెర మీదికి రావడం మొదలైంది.

“ఇగ అర్ధగంట పడ్తది. ఇది ముసలిది. ఒక్కదాంట్ల సంచులు మార్చుకుంటే సాలు, మిగిలినయాటికి పెన్‌డ్రైవ్‌ల తీసుకపోయి దించుడే.”

ఆ అరగంట ఖాళీ. పిల్లలు ప్రార్థనకు వెళ్ళారు. గదిలో ఇద్దరమే ఉన్నాం. ఈశ్వరమ్మ తెర మీదే కన్ను వేసి, పైకి వెళ్తున్న పేర్లను వేళ్ళ కణుపుల మీద లెక్కపెడుతూ, మామూలుగా అడిగింది.

“సారూ, మీరు మోతెల పనిచేసిన్రు గదా?”

“చేశాను. నా మొదటి పోస్టింగు అదే. నీకెవరు చెప్పారు?”

“ఎవలు చెప్తరు. నేను మీ దగ్గర ఆరో తరగతి సదివిన. గొర్ల రామలింగయ్య బిడ్డను. మంగళవారం మిమ్ముల జూడంగనే గుర్తువట్టిన. మీరు గుర్తువట్టలే.”

గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఎవరూ రాలేదు. ఆ ఏడు బడిలో డెబ్భైమంది ఉండేవారు.

“పాఠం సదవమన్నరు. ‘సూడు’ అని సదివిన. మీరు కోపానికొచ్చిన్రు. ‘చూడు అని నూరుసార్లు రాసుకరా’ అన్నరు.” ఆమె లెక్క ఆపలేదు. పందొమ్మిది దగ్గర ఉంది. “అరవై రెండు రాసిన. నోట్‌బుక్కు అయిపోయింది. కొత్తది కొనియ్యి నాయినా అంటె, గొర్ల కాడ ఉన్నం, అంగడి దినం దాక ఆగుమన్నడు. రాయకుంట వస్తె మీరు కొడ్తరని బడికి రాలే. అంగడి దినం వచ్చెవరకు గొర్లు నాకు అలవాటైనయి. ఇగ గంతే.”

“నోట్‌బుక్కు లేదని నాతో చెప్పాల్సింది కదమ్మా.”

“మిమ్ములతోని మాట్లాడాలంటె చూడు అనాలె గద సారూ. నాకు సూడు అనే వచ్చు.”

చాలా మామూలుగా అంది. నన్ను నొప్పించాలని అనలేదు. ఇరవై మూడు, ఇరవై నాలుగు అని లెక్కపెట్టుకుంటూనే ఉంది. ఆ పిల్ల రాకపోతే నేనేం చేశానో నాకు బాగా తెలుసు, ఎందుకంటే రాని పిల్లలందరికీ అదే చేశాను. నెలరోజులు పేరు ఎదురుగా ఆబ్సెంటు గుర్తు వేసి, ఆ తర్వాత ఎర్ర సిరాతో పేరు కొట్టేశాను. వాళ్ళింటికి వెళ్ళి అడగలేదు. మోతెలో గొర్లోళ్ళ వాడకట్టు మా బడికి కనబడేంత దూరంలోనే ఉండేది. నిన్న ఫోన్లో ఆమెను నేనన్న మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. సిగ్గేసింది. ముప్పై అయిదేళ్ళలో అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

“తప్పయింది ఈశ్వరమ్మా” అన్నాను. “నిన్నటిది కూడా.”

“అయ్యో, ఊకోన్రి సారూ. నలభై. ఎల్లయ్య పని ఖతం. ఇగ దీపక్‌జీని లేపుదాం.”

దీపక్‌జీ అంటే డి, పి, కె, జి అనే నాలుగక్షరాలు. అతనికీ ముందు ‘సూడు’ చెప్పాలి. ఈసారి ఆమె కుర్చీ లోంచి లేచి నన్ను కూర్చోమంది. ఎస్, యు, డి, ఓ కొట్టాను. ఒక్క మాట ఎదురు చెప్పకుండా యంత్రం కదిలింది. పదిన్నరయ్యేసరికి పిల్లలు, ఆమె కలిసి పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక కంప్యూటరు దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి తిరుగుతూ, గదంతా “సూడు దీపక్‌జీ, సూడు దీపక్‌జీ” అని మోగించేశారు. ఆయాసం ఉన్న నాలుగోది అందరికంటే చివర, పదకొండుకు పది నిమిషాలు ఉందనగా తెరుచుకుంది.

దేవసహాయం గారు సరిగ్గా సమయానికి వచ్చాడు. పిల్లలు కొట్టాల్సిన పేజీ నేను వారం ముందే రాసి పెట్టాను. కోదాడ వర్ణన, మంచి మంచి సమాసాలతో. దాన్ని జేబులోనే ఉంచేసి, “నిన్నటి నుంచీ మీరు చూసిందీ విన్నదీ రాయండి” అన్నాను. నలుగురు పిల్లలు తలా రెండు వాక్యాలు వెతుక్కుంటూ వెతుక్కుంటూ కొట్టారు. ఆఫీసు గదిలోంచి తెచ్చిపెట్టిన ప్రింటరు కాసేపు ఆలోచించి కాగితం బయటికి తోసింది. దేవసహాయం గారు కళ్ళజోడు సవరించుకుని పైకి చదివాడు.

“‘వడ్లు అవే, సంచి వేరు. ఎల్లయ్య సంచి మారుస్తాడు. ముందు సూడు అని చెప్పాలి. సూడు అనకపోతే ఎవరూ వినరు.’” ఆగి, జేబులోంచి పెన్ను తీసి, ‘సూడు’ కింద గీత గీశాడు. “మాస్టారూ, మీరు తెలుగు పండితులు. ఇది చూడు కదా ఉండాలి? రెండు చోట్ల తప్పు పడింది.”

పిల్లలందరూ నా వైపు చూశారు. తప్పులు దొరికితే నేనేం చేస్తానో వాళ్ళకి తెలుసు. ఈశ్వరమ్మ మాత్రం చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడి నాలుగో కంప్యూటరు గలీబు మడత పెడుతోంది.

“తప్పు కాదండీ” అన్నాను. “ఇక్కడివాళ్ళు అనే మాట అది. నేను నిన్నంతా చూడు అని కొట్టాను, ఒక్క కంప్యూటరూ వినలేదు. ఈవిడ సూడు అంది, పదీ విన్నాయి. మీరు కూడా గీత కొట్టెయ్యండి.”

ఆయన నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఎస్, యు, డి, ఓ సంగతి పిల్లలు ఒకరి మాట మీద ఒకరు పడుతూ ఆయనకు చెప్పేశారు, ‘చూడండి’ సంగతితో సహా. మాటిచ్చిన వాళ్ళే చెప్పారు. ఆయన చాలాసేపు నవ్వి, పెన్నుతో ఆ గీతను అడ్డంగా కొట్టేసి, కాగితం కింద సంతకం పెట్టాడు.

“మా వాడపల్లిలో మేము గూడ సూడు అనే అంటం మాస్టారూ. మీ ముందల జర సవరించుకుని మాట్లాడుతున్న, అంతే” అన్నాడు వెళ్తూ వెళ్తూ.

ఈశ్వరమ్మ బస్సు ఒంటిగంటకు. అన్నం తినమంటే పిల్లలతో కలిసి మధ్యాహ్న భోజనం వరసలో కూర్చుంది. ఆమె తింటున్నంతసేపూ నేను ఆఫీసు గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాను. బీరువాలోంచి కొత్త నోట్‌బుక్కు ఒకటి తీశాను. ఎర్ర సిరా పెన్ను తీశాను. నూరులోంచి అరవై రెండు పోతే ముప్పై ఎనిమిది. లైనుకొకటి చొప్పున ‘సూడు’ అని రాయడం మొదలుపెట్టాను. మొదటి నాలుగైదు సార్లు చెయ్యి చకారం వైపే పోయింది, పట్టి లాక్కొచ్చాను. ఇరవై దాటాక బొటనవేలు నొప్పి పుట్టింది. పదకొండేళ్ళ పిల్ల, గొర్ల మంద దగ్గర, అరవై రెండు రాసింది.

బస్సెక్కేముందు నోట్‌బుక్కు ఆమె చేతిలో పెట్టాను. తెరిచి చూసింది. ఆ ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి, పైనుంచి కిందికి, లైను లైనూ తడుముకుంటూ వెళ్ళింది. పెదాలు కదులుతున్నాయి. చదువుతోందనుకున్నాను. చివరి లైను దగ్గర వేలు ఆపి, తల ఎత్తి నన్ను చూసింది. కళ్ళు తడిగా ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

“ముప్పై ఏడే ఉన్నయి సారూ.”

గొర్ల రామలింగయ్య బిడ్డ లెక్క తప్పదు. నోట్‌బుక్కు మళ్ళీ తీసుకుని, కోదాడ బస్టాండులో, టిఫిన్ సెంటరు ఓనరు చూస్తుండగా, మోకాలి మీద పెట్టుకుని ఇంకొకటి రాసిచ్చాను.